ఏడెనిమిదేళ్ళ పిల్లలకు వాక్య భేదాలు ఎలా నేర్పాలి?

మీరు అడిగినది ఇది: మీ అమ్మాయికి ఏడేళ్ళు. ప్రశ్నార్థక వాక్యం, ఆశ్చర్యార్థక వాక్యం, విధ్యర్థక వాక్యం (అంటే ఏదైనా చేయమనే వాక్యం) అన్న పేర్లనూ వాటి నిర్వచనాలనూ తప్పు లేకుండా అప్పజెబుతుంది. పుస్తకంలో లేని కొత్త వాక్యం చూపించి ఇది ఏ రకం అని అడిగితే మాత్రం చివర ఉన్న గుర్తును చూసి చెబుతుంది, గుర్తు తీసేస్తే తడబడుతుంది. ఎలా నేర్పాలి, పరీక్ష కోసం పేర్లు ఎప్పుడు కంఠస్థం చేయించాలి అని మీ సందేహం. ప్రాథమిక తరగతుల్లో చాలా ఏళ్ళుగా తెలుగు చెబుతున్న అనుభవంతో, నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మీ అమ్మాయికి ఈ విషయం రాదని అనుకోకండి. నాలుగేళ్ళ పిల్ల కూడా "అమ్మ వచ్చిందా?" అని అడిగి జవాబు కోసం ముఖంలోకి చూస్తుంది, "అది నాకు ఇవ్వు" అని చెయ్యి చాపుతుంది, "కుక్కపిల్ల పడుకుంది" అని మనకు వార్త చెబుతుంది. అన్ని రకాల వాక్యాలూ ఆమె నోట్లో ఉన్నాయి. లేనిది ఒక్కటే: తాను చేస్తున్నది తాను గమనించడం. మనం నేర్పవలసినది ఆ గమనింపు. చాలా పుస్తకాల్లో మొదట పేరు, తర్వాత నిర్వచనం, ఆ తర్వాత ఉదాహరణ వస్తాయి కాబట్టి ఇంట్లోనూ బడిలోనూ మనం అదే వరుసలో వెళ్తాం. చిన్నపిల్లల విషయంలో ఈ వరుసను పూర్తిగా తిప్పాలని నా గట్టి అభిప్రాయం. వాక్యం చేసే పని మొదట, దాని రూపం తర్వాత, పేరు అన్నిటికంటే చివర రావాలి.

పని అంటే ఏమిటో చెబుతాను. ప్రతి వాక్యం విన్నవాళ్ళ నుంచి ఏదో ఒకటి కోరుతుంది. అడిగే వాక్యం జవాబు కోరుతుంది. చేయమనే వాక్యం కదలమంటుంది, లేదా ఆగమంటుంది. చెప్పే వాక్యం విని తెలుసుకుంటే చాలంటుంది. అబ్బురపడే వాక్యం మన మనసులో పొంగినదాన్ని ఎదుటివాళ్ళతో పంచుకుంటుంది. అందుకని పిల్లలను "ఇది ఏ వాక్యం?" అని అడగకుండా "ఈ మాట నీతో అంటే నువ్వేం చేస్తావు?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న సగం పని చేస్తుంది. నిర్వచనం మరచిపోయిన పిల్ల కూడా దీనికి జవాబు చెప్పగలదు, ఎందుకంటే ఇది జ్ఞాపకశక్తికి పెట్టే పరీక్ష కాదు.

మొదటి వారమంతా కాగితం, పెన్సిలు లేకుండా మాటలతోనే గడపండి. గదిలో ఉన్న ఒక వస్తువును తీసుకోండి. తలుపు అనుకుందాం. "తలుపు తెరిచి ఉంది" అని మామూలుగా చెప్పండి. పిల్ల వింటుంది, మహా అయితే తల ఊపుతుంది. "తలుపు తెరిచి ఉందా?" అనండి, చూసి అవుననో కాదనో అంటుంది. "తలుపు వెయ్యి" అంటే లేచి వెళ్తుంది. సగం దూరం వెళ్ళాక "వెయ్యకు" అంటే ఆగుతుంది. "అబ్బో, ఈ తలుపు ఎంత ఎత్తుగా ఉందో!" అంటే ఆమె కూడా పైకి చూస్తుంది. తర్వాత పాత్రలు మార్చండి: ఆమె మాట్లాడాలి, మీరు ఆ మాటకు తగినట్టు చేయాలి. మీరు కావాలని తప్పు చేయడం ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. ఆమె "తలుపు వెయ్యి" అన్నప్పుడు మీరు కూర్చున్నచోటే "అవును" అనండి. "అవునంటావేమిటి, నేను వెయ్యమన్నాను కదా!" అని ఆమె మీకు వివరించిన ఆ క్షణంలో, చెప్పడానికీ చేయమనడానికీ ఉన్న తేడా ఆమె సొంత మాటల్లో బయటికి వస్తుంది. ఆ వివరణ మీరు చెప్పించిన నిర్వచనం కంటే ఎంతో విలువైనది. రోజుకు పది నిమిషాలు చాలు. ఆట విసుగు పుట్టకముందే ఆపేయాలి.

ఇక రూపం సంగతి. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది, వాక్యం ఏ రకమో తేల్చే ముక్క చాలావరకు ఆ క్రియ చివరనే ఉంటుంది. పిల్లలకు ఇది చూపించడానికి నేను ఎక్కువగా వాడే ఆట ఒకటి ఉంది. "నువ్వు రేపు ఈ పుస్తకం..." అని సగంలో ఆపి, నేను అడుగుతున్నానా, చెబుతున్నానా, చేయమంటున్నానా అని అడుగుతాను. ఎవరూ చెప్పలేరు. అప్పుడు చివరి మాట ఒక్కొక్కటిగా వేస్తాను: తెస్తావు, తెస్తావా, తీసుకురా, తీసుకురాకు. ముందున్న మాటలన్నీ అవే, చివర ఒక్కటి మారగానే వాక్యం స్వభావమే మారిపోయింది. "చివరిదాకా వినాలి" అన్న సూత్రాన్ని పిల్లలే తేల్చేస్తారు. ఈ ఆట కొంతసేపు ఆడాక ఎవరో ఒకరు దీనికి మినహాయింపు కూడా కనిపెడతారు: "నువ్వు రేపు ఏ పుస్తకం..." అని ఆపితే చివరి మాట రాకముందే అది ప్రశ్న అని తెలిసిపోతుంది. దీన్ని పిల్లలు తమంతట తాము కనిపెట్టేదాకా మీరు చెప్పకుండా ఉండగలిగితే మంచిది.

అడిగే వాక్యం దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగులో అది చాలా అందంగా, క్రమంగా పనిచేస్తుంది, పిల్లలు పొరపడేదీ ఎక్కువగా అక్కడే. అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నకు చివర 'ఆ' చేరుతుంది: వచ్చారు, వచ్చారా, తిన్నది, తిన్నదా, ఉంది, ఉందా. పిల్లల చేత ఇలాంటి జంటలు గట్టిగా పలికించండి. రాతలో దీర్ఘం ఎగిరిపోయి "వచ్చార?" అని రాసే పిల్లలు చాలామంది ఉంటారు. పలికేటప్పుడే ఆ దీర్ఘాన్ని సాగదీయించి, చేత్తో గాలిలో గీత గీయిస్తే రాతలో కూడా నిలుస్తుంది. ఇంట్లో తెలుగు తక్కువగా వినే పిల్లలకు ఇది మరీ ముఖ్యం, వాళ్ళ చెవికి హ్రస్వ దీర్ఘాల తేడా ఇంకా గట్టిపడి ఉండదు.

అయితే "చివర ఆ వస్తే ప్రశ్న" అని సూత్రంగా చెప్పేశారో, మరుసటి రోజే ఇబ్బంది వస్తుంది. "ఇటు రా" అన్న వాక్యం కూడా 'ఆ'తోనే ముగుస్తుంది, "తీసుకురా" కూడా అంతే. సూత్రం బాగా నేర్చుకున్న పిల్లే ఇక్కడ దాన్ని ప్రశ్న అంటుంది. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. చివరి 'ఆ'ను తీసేసి చూడమనండి. "వచ్చారా"లోంచి తీస్తే "వచ్చారు" అన్న చెప్పే వాక్యం మిగులుతుంది. "ఇటు రా"లోంచి తీస్తే ఏమీ మిగలదు, ఎందుకంటే అక్కడ 'ఆ' బయటి నుంచి వచ్చి చేరినది కాదు, ఆ క్రియలోనే ఉన్నది. ఏడేళ్ళ పిల్లలు ఈ పరీక్షను ఇష్టంగా చేస్తారు. ఇలాంటిదే ఇంకొకటి "అమ్మా" అన్న మాట. గది బయట నుంచి పిలిచే "అమ్మా!" వేరు, తలుపు చప్పుడైతే వచ్చింది అమ్మేనా అని అడిగే "అమ్మా?" వేరు. అక్షరాలు ఒక్కటే, గొంతు వేరు.

ఈ 'ఆ' క్రియనే పట్టుకుని ఉండదు, వాక్యంలో మనకు సందేహం ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్తుంది. "రవి నిన్న వచ్చాడా?" అంటే వచ్చాడో లేదో తెలియదు. "రవేనా నిన్న వచ్చింది?" అంటే ఎవరో వచ్చారని తెలుసు, రవి అవునో కాదో తెలియదు. "రవి వచ్చింది నిన్ననేనా?" అంటే రోజు మీద సందేహం. మొదటి దానిలో "వచ్చాడు" ఉంది, మిగిలిన రెండింటిలో మగపిల్లవాడి గురించే మాట్లాడుతున్నా "వచ్చింది" అని మారింది. ఇది ఎవరూ పిల్లలకు నేర్పలేదు, అయినా ఒక్క పిల్ల కూడా "రవేనా నిన్న వచ్చాడు" అనదు. దీన్ని పాఠంగా చెప్పవద్దు. కానీ పిల్లల నోట ఇలాంటి వాక్యం వచ్చినప్పుడు "నువ్వు దేని గురించి అడుగుతున్నావు? మనిషి గురించా, రోజు గురించా?" అని ఒక మాట వేయండి. ప్రశ్న అనేది వాక్యంలోని ఒక ముక్క మీద నిలబడుతుందన్న ఊహ అప్పుడు కలుగుతుంది.

రెండో రకం ప్రశ్నలు ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా, ఎంత, ఎన్ని అన్న మాటలతో వచ్చేవి. ఇవన్నీ ఎ, ఏ అక్షరాలతో మొదలవుతాయని పిల్లలు ఇట్టే పసిగడతారు, ఆ సంతోషం వాళ్ళకు దక్కనివ్వాలి. ఇక్కడ కూడా ఒక పెద్ద గుంట ఉంది. ఒక తరగతిలో నేను "ఎవరూ రాలేదు" అన్న వాక్యాన్ని గుర్తు లేకుండా బోర్డు మీద రాశాను. ముందు వరుసలో ఒక అబ్బాయి వెంటనే అది ప్రశ్న అన్నాడు, 'ఎవరు' ఉంది కదా అని కారణం కూడా చూపించాడు. నేను మాట్లాడేలోపే పక్కనున్న అమ్మాయి "అయితే జవాబు చెప్పు" అంది. వాడు నోరు తెరిచి, జవాబు దొరకక, బోర్డు వైపు మళ్ళీ చూసి, "ఇది చెబుతోంది, అడగడం లేదు" అన్నాడు. నేను చెప్పవలసినదంతా ఆ ఇద్దరి మధ్యే జరిగిపోయింది. 'ఎవరు వచ్చారు', 'ఎవరో వచ్చారు', 'ఎవరూ రాలేదు' అన్న మూడింటినీ ఒకదాని కింద ఒకటి రాసి, జవాబు దేనికి చెప్పగలమో చూడమనండి. మొదటిది ఒక్కటే ప్రశ్న. రెండోదానిలో 'ఓ', మూడోదానిలో 'ఊ' చేరి ప్రశ్నపదాన్ని ప్రశ్న కాకుండా చేశాయి. ఎక్కడో, ఎప్పుడో, ఎక్కడా, ఎప్పుడూ అన్నవాటితో కూడా ఇదే ఆట ఆడించవచ్చు. మాటను చూసి కాకుండా వాక్యం చేసే పనిని చూసి తేల్చుకోవాలని మొదటి నుంచీ ఎందుకు అంటున్నానో ఈ మూడు వాక్యాలే చెబుతాయి.

ప్రశ్నపదాలకు తెలుగులో ఇంకో సుగుణం ఉంది. జవాబు ఎక్కడ ఉంటుందో ప్రశ్నపదం సరిగ్గా అక్కడే కూర్చుంటుంది, మిగతా మాటల వరుస మారనక్కరలేదు. "పిల్లి గోడ మీద పడుకుంది" అన్న వాక్యాన్ని మూడు కాగితపు ముక్కల మీద రాయండి: పిల్లి, గోడ మీద, పడుకుంది. 'గోడ మీద' అన్న ముక్కను తీసి ఆ ఖాళీలో 'ఎక్కడ' అన్న ముక్క పెడితే "పిల్లి ఎక్కడ పడుకుంది?" అన్న ప్రశ్న తయారవుతుంది. 'పిల్లి' ముక్క తీసి 'ఏది' పెడితే "ఏది గోడ మీద పడుకుంది?" వస్తుంది. క్రియ ముక్కను తీసినప్పుడు మాత్రం 'ఏం చేస్తోంది' అని పెట్టాలి, 'ఏం' ఒక్కటీ చాలదు. ఎందుకు చాలదని పిల్లలను అడగండి, కొందరు చక్కగా చెబుతారు. ఈ ముక్కలాట వాక్యంలోని భాగాలను కూడా తెలియకుండానే నేర్పుతుంది. పై తరగతుల్లో కర్త, కర్మ అన్న మాటలు వచ్చేసరికి వాళ్ళ చేతికి ఆ ముక్కలు ఎప్పుడో తెలిసి ఉంటాయి. వాక్యం ఇచ్చి "ఏ రకమో రాయండి" అనే అభ్యాసం కంటే, జవాబు ఇచ్చి "దీనికి ప్రశ్న తయారు చేయండి" అనే అభ్యాసం ఎన్నో రెట్లు మేలు. గుర్తుపట్టడంలో ఊహించి నెగ్గవచ్చు, తయారు చేయడంలో ఊహ సరిపోదు.

అదే సమయంలో ఇంగ్లీషు కూడా నేర్చుకుంటున్న పిల్లలైతే ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషులో ప్రశ్నకు మాటల వరుస మారుతుంది, ప్రశ్న అని తెలిపే మాట సాధారణంగా మొదట వస్తుంది. తెలుగులో అవునా కాదా అని అడిగే గుర్తు చివర వస్తుంది. రెండు భాషల్లోనూ ఈ పాఠం ఒకే వారంలో చెప్పకండి. ఒకటి స్థిరపడ్డాక రెండోది చెబితే ఆ తేడాయే పిల్లలకు ఆసక్తిగా ఉంటుంది.

చేయమనే వాక్యాల దగ్గరకు వద్దాం. ఇవి పిల్లలు రోజూ ఎక్కువగా వినేవి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. 'నువ్వు' అన్న మాట సాధారణంగా పైకి కనిపించదు. "కూర్చో" అన్న ఒక్క మాటే పూర్తి వాక్యం. ఒక్క మాట వాక్యం ఎలా అవుతుందని పిల్లలు అడిగితే, ఎవరిని కూర్చోమన్నానో నీకు తెలిసింది కదా అని చెబితే చాలు. ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది మర్యాద. రా, రండి, చదువు, చదవండి, ఇవ్వు, ఇవ్వండి అన్న జంటలను ఈ పాఠంతోనే కలిపి నేర్పాలి. పెద్దవాళ్ళను అడిగేటప్పుడు "కొంచెం ఆ పుస్తకం ఇస్తారా?" అని ప్రశ్న రూపంలో అడగడం ఇంకా మర్యాదగా ఉంటుందని కూడా చూపించాలి. అభ్యర్థన అనగానే పుస్తకాలు 'దయచేసి' అన్న మాటను ముందు పెట్టిస్తాయి. అది తప్పు కాదు, కానీ మన మాటలో మర్యాద ఎక్కువగా 'అండి'లోనూ, 'కొంచెం', 'కాస్త' అన్న మాటల్లోనూ, అడిగే తీరులోనూ ఉంటుంది. పిల్లలు నిజంగా వాడేది అదే కాబట్టి అదే నేర్పడం మంచిదని నా నమ్మకం. "పద, ఆడుకుందాం" ఏ కోవలోకి వస్తుందని తప్పకుండా ఎవరో అడుగుతారు. విన్నవాళ్ళు కదలాలి కాబట్టి ప్రస్తుతానికి చేయమనే వాక్యాల పక్కనే పెట్టుకోమని చెప్పండి, ఆ వయసుకు అంతకంటే వివరం అక్కరలేదు.

వద్దనే వాక్యం విషయంలో మాత్రం పిల్లలు నిజంగా తికమకపడతారు. "రవి రాలేదు", "రవీ, రాకు" అన్న రెండింటిలోనూ 'కాదు' అన్న భావం ఉంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది జరగని సంగతిని చెబుతోంది, దాన్ని వ్యతిరేకార్థక వాక్యం అంటారు. రెండోది జరగకుండా ఆపుతోంది, అది నిషేధార్థక వాక్యం. మళ్ళీ అదే ప్రశ్న ఇక్కడ కూడా ఆదుకుంటుంది: ఈ మాట నీతో అంటే నువ్వేం చేస్తావు? "రవి రాలేదు" అంటే నేను ఏమీ చేయనక్కరలేదు, ఒక సంగతి తెలిసిందంతే. "రాకు" అంటే ఆగిపోవాలి. "ఇక్కడ ఎవరూ పరుగెత్తరు", "ఇక్కడ ఎవరూ పరుగెత్తకండి" అన్న జంటను వరుసగా వినిపించి, పిల్లలను గదిలో నడిపిస్తూ దేనికి ఆగాలో చూసుకోమంటే తేడా కాళ్ళకు కూడా తెలుస్తుంది. పరుగెత్తవద్దు, పరుగెత్తకూడదు, పరుగెత్తరాదు అన్న రూపాలను తర్వాత ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు.

చెప్పే వాక్యాల గురించి ఒక్క విషయమే చెబుతాను, కానీ అది ముఖ్యమైనది. "ప్రతి వాక్యంలోనూ క్రియ ఉండాలి" అని పిల్లలకు చెప్పకండి. "ఇది చెట్టు", "ఆయన మా మాస్టారు", "నా పేరు లత" అన్నవి క్రియ లేకుండానే నిండైన వాక్యాలు. క్రియ ఉండి తీరాలని నేర్చుకున్న పిల్లలు వీటిని వాక్యాలే కావంటారు, లేదంటే "ఇది చెట్టు అయి ఉన్నది" అని ఎవరూ మాట్లాడని తెలుగు రాస్తారు. వీటిని ప్రశ్నగా మార్చాలంటే నామవాచకానికే 'ఆ' చేరుతుంది: ఇది చెట్టా? కాదని చెప్పాలంటే 'కాదు' వస్తుంది: ఇది చెట్టు కాదు. ఈ మూడు రూపాలూ చిన్నవి, స్పష్టమైనవి కాబట్టి, రాతలోకి దిగినప్పుడు మొదటి అభ్యాసంగా వీటినే ఇవ్వడం నాకు అలవాటు.

అబ్బురపడే వాక్యాలను చివరికి వదిలాను, ఎందుకంటే వీటి హద్దులు అంత గట్టివి కావు. "ఎంత ఎత్తుగా ఉంది?" అంటే కొలిచి చెప్పాలి, "ఎంత ఎత్తుగా ఉందో!" అంటే కొలవనక్కరలేదు. ఇంతవరకు తేలికే. "ఎంత పెద్ద చెట్టు" అన్నదాన్ని గుర్తు లేకుండా రాస్తే అది ప్రశ్నో ఆశ్చర్యమో పెద్దవాళ్ళు కూడా చెప్పలేరు, పలికితేనే తెలుస్తుంది. అలాంటి వాక్యాన్ని పిల్లల చేత రెండు రకాలుగానూ పలికించండి. ఈ పాఠం నేర్పేటప్పుడు 'ఆశ్చర్యం' అన్న మాటకే అతుక్కుపోకూడదు. సంతోషం, బాధ, భయం, మెచ్చుకోలు అన్నీ ఈ వాక్యాల్లోనే వస్తాయి. ఆహా, ఓహో, అయ్యో, అబ్బ, భలే అన్న మాటలను ఏ సందర్భంలో అంటారో నటించి చూపించమంటే తరగతి అంతా ఉత్సాహంగా పాల్గొంటుంది. "అయ్యో, గ్లాసు పడిపోయింది!" అన్నది చెప్పే వాక్యమా, ఆశ్చర్యార్థకమా అని ఎవరైనా వాదిస్తే రెండు వైపులా న్యాయం ఉందని ఒప్పుకోండి. సంగతి చెబుతూనే మనసులోని బాధ కూడా బయటపెడుతోంది. ఇలాంటిచోట మార్కులు తగ్గించడం అన్యాయం.

గుర్తులు ఇప్పుడు నేర్పాలి, ముందు కాదు. మీ అమ్మాయి గుర్తు చూసి చెబుతోందన్నారు. అది గుర్తులను ముందే నేర్పడం వల్ల వచ్చిన అలవాటు. తెలుగు తాళపత్ర గ్రంథాల్లో ప్రశ్నార్థకం గుర్తు గానీ ఆశ్చర్యార్థకం గుర్తు గానీ ఉండేవి కావు. అవి యూరపు భాషల అచ్చు పద్ధతి నుంచి మన రాతలోకి వచ్చాయి. గుర్తులు లేని కాలంలో కూడా తెలుగు చదివేవారు ప్రశ్నను ప్రశ్నగానే చదివారు, 'ఆ' చెవికి వినిపిస్తుంది కాబట్టి. అందువల్ల మొదటి కొన్ని వారాలు వాక్యాలన్నీ గుర్తులు లేకుండా ఇవ్వండి. పిల్ల గట్టిగా చదివి, పని ఏమిటో తేల్చుకుని, ఆ తర్వాత గుర్తు తానే పెట్టాలి. "ఆగు!" అని గట్టిగా అన్నప్పుడు ఆశ్చర్యార్థకం గుర్తు పెడతాం, అయినా అది చేయమనే వాక్యమే. గుర్తును బట్టి పోయే పిల్లలు దీన్ని తప్పకుండా పొరపడతారు. ప్రశ్న గుర్తు విషయంలో మరొకటి చూసుకోవాలి: "నువ్వు వస్తావా?" అని రవి అడిగాడు. ఇందులో లోపలి మాట ప్రశ్న, మొత్తం వాక్యం మాత్రం చెప్పేదే. చివర మళ్ళీ ప్రశ్న గుర్తు పెట్టే పిల్లలకు, ఇప్పుడు నిన్ను ఎవరైనా ఏమైనా అడిగారా అని గుర్తు చేస్తే సరిపోతుంది.

రూపం ఒకటి, ఉద్దేశం ఒకటి అయ్యే వాక్యాలు కూడా ఎదురవుతాయి. రాత్రి ఆలస్యంగా మేలుకుని ఉన్న పిల్లతో "ఇంకా పడుకోలేదా?" అంటే ఆమె జవాబు చెప్పదు, వెళ్ళి పడుకుంటుంది. నేను చెప్పిన పరీక్ష ప్రకారం అది చేయమనే వాక్యం కావాలి, పుస్తకం ప్రకారం ప్రశ్న. మొదటి నెలల్లో ఇలాంటి వాక్యాలను అభ్యాసాల్లోకి రానివ్వకండి. పిల్ల తనంతట తాను ఇలాంటిదాన్ని పట్టుకుని మీ దగ్గరకు వస్తే మాత్రం ఎంతో మెచ్చుకోండి, అది చాలా లోతైన గమనింపు. "చూడటానికి ప్రశ్న, చేసే పని వేరు, పుస్తకంలో రాసేటప్పుడు చూడటానికి ఎలా ఉందో అదే రాద్దాం" అని ఒప్పందం చేసుకుంటే గందరగోళం ఉండదు.

ఇక మీ రెండో ప్రశ్న, పేర్ల సంగతి. చెప్పే, అడిగే, చేయమనే, వద్దనే, అబ్బురపడే అన్న తేలిక మాటలతో పిల్ల కొత్త వాక్యాన్ని తడుముకోకుండా పోల్చుకోగలిగి, ఎందుకో కూడా చెప్పగలిగిన రోజున పేర్లు ఇవ్వండి. అప్పటికి ప్రశ్నార్థకం, విధ్యర్థకం, నిషేధార్థకం, ఆశ్చర్యార్థకం అన్నవి తనకు ఇదివరకే తెలిసిన వస్తువుకు పెట్టిన బడి పేర్లు మాత్రమే అవుతాయి, రెండు మూడు రోజుల్లో నోటికి వచ్చేస్తాయి. మీ అమ్మాయికి పేర్లు ముందే వచ్చేశాయి కాబట్టి వాటిని మరపించనక్కరలేదు. కొన్నాళ్ళు వాటి ఊసెత్తకుండా తేలిక మాటలతోనే ఆడించి, తర్వాత మళ్ళీ కలపండి. అనుమత్యర్థకం, ఆశీరర్థకం, సామర్థ్యార్థకం, సందేహార్థకం వంటివి, సామాన్య, సంశ్లిష్ట, సంయుక్త వాక్యాలు ఈ వయసుకు కావు. పాఠ్యపుస్తకంలో రాకముందే ముందుకు తోసి నేర్పడం వల్ల లాభం లేదు. "వెళ్ళవచ్చు", "చల్లగా ఉండు", "ఎక్కగలడు", "వస్తాడో రాడో" అన్న వాక్యాలను మాటల్లో వింటూ, వాడుతూ ఉంటే ఆ వయసుకు చాలు.

పరీక్ష దగ్గర పడి, అంత సమయం లేదంటే, రోజుకు ఐదు వాక్యాలు మీరే చదివి వినిపించండి, అందులో రెండైనా పుస్తకంలో లేనివి ఉండాలి. పిల్ల మొదట తాను ఏం చేస్తుందో చెప్పాలి, తర్వాత ఆ సంగతి ఏ ముక్క వల్ల తెలిసిందో చూపించాలి, అప్పుడు పేరు చెప్పాలి, ఆఖరున గుర్తుతో సహా రాయాలి. ఎక్కడ తడబడిందో గమనించండి. చేసే పని దగ్గరే తడబడితే మళ్ళీ తలుపు ఆటకు వెళ్ళండి. ముక్క దగ్గర తడబడితే సగంలో ఆపే వాక్యాల ఆట ఆడించండి. పేరు దగ్గర మాత్రమే తడబడితే కంగారు పడనక్కరలేదు, పడుకునే ముందు ఒకసారి చెప్పించండి.